నికర రాబడి

ఇల్లు,
జనవరి ఆరు

పిడుగుకి,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీలు, పదకొండు తప్పులు. ఎర్ర సిరాతో దిద్ది దీంతోపాటు వెనక్కి పంపుతున్నాను, చూసుకో. ఆర్థిక సంక్షోభం మీద డాక్యుమెంటరీ తీయబోయేదానివి, 'ఆర్ధిక' అని రాస్తే ఎలా? అందులో ఉండాల్సింది పొట్టలో చుక్క ఉన్న 'థ'. దేశం ఎందుకు దివాలా తీసిందో కనిపెట్టే ముందు ఆ చుక్క ఎక్కడ పోయిందో కనిపెట్టు.

ఫోన్ చెయ్యమంటావు. నా కుడిచెవి పోయి నాలుగేళ్ళయింది. ఎడమచెవి ఎవరి మాట వినాలో తనే నిర్ణయించుకుంటోంది. ఉత్తరమైతే నువ్వు దబాయించలేవు, నేను వినపడనట్టు నటించలేను. ఇద్దరికీ మంచిదే.

గొడుగు కంపెనీ గురించి తీస్తానంటున్నావు. అప్పటికి నువ్వు పుట్టలేదు. కరపత్రం మీద పెద్ద గొడుగు బొమ్మ, దాని కింద నవ్వుతున్న ఒక కుటుంబం. అందుకే ఆ పేరు. జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని, ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి అప్పులిచ్చేది. అది కూలినప్పుడు దానికి అప్పులిచ్చిన బ్యాంకులూ కూలాయి, ఆ బ్యాంకుల్ని నమ్ముకున్న ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. ఆ ఏడాది మా వీధిలో తాళాల దుకాణం ఒక్కటే బాగా నడిచింది. మిగతాది పెద్ద పెద్దవాళ్ళు చెప్తారు, వాళ్ళనడుగు.

ఒక్క మాట. మీ పెద్దమ్మమ్మ దగ్గరికి వెళ్ళకు. తను దాచుకున్నదీ అందులోనే పోయింది కాబట్టి నువ్వు వెళ్తావని నాకు తెలుసు, అందుకే ముందుగా చెప్తున్నాను. మేమిద్దరం మాట్లాడుకుని ముప్పై ఒక్క ఏళ్ళు. కుట్టుమిషన్ గొడవ సంగతి మీ అమ్మకు తెలుసు. ఎప్పుడో తుప్పు పట్టిన మిషన్ని ఇప్పుడు నువ్వు తొక్కక్కర్లేదు.

మోకాళ్ళు బాగానే నొప్పి పెడుతున్నాయి.

అమ్మమ్మ


వాచీ దుకాణం ఎదురుగా, టీ బల్ల మీద,
ఫిబ్రవరి పద్దెనిమిది

అమ్మమ్మకి,

ఆర్థిక, ఆర్థిక, ఆర్థిక. మూడుసార్లు రాశాను, చుక్కలు లెక్కపెట్టుకో.

ఇప్పటికి పద్నాలుగు మందితో మాట్లాడాను. ప్రొఫెసర్ గారు బోర్డు మీద బాణాలు గీసి చూపించారు. ఏ క్షణాన్నయినా వెనక్కి అడగగల డబ్బుని ఇరవై ఏళ్ళదాకా తిరిగిరాని అప్పులుగా ఇచ్చారట. దాని మీద నిఘా ఉండాల్సిన అధికారి ఇప్పుడు గులాబీలు పెంచుతున్నాడు. 'మాకు పంపిన కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయమ్మా' అన్నాడు. స్థలాలకు విలువ కట్టిన వాల్యూయర్ని అడిగితే, కంపెనీ కారులోనే తీసుకెళ్ళేవాళ్ళనీ, ఎండగా ఉంటే కారు దిగకుండానే విలువ రాసేవాణ్ణనీ చెప్పాడు. 'రాయడం నా పని. ఆ కాగితం మీద అప్పు ఇవ్వడం వాళ్ళ పని' అన్నాడు. ఆడిటర్ కూడా అంతే. డిపాజిటర్లు పోను మిగతావాళ్ళంతా తమ పని తాము చక్కగా చేశారు. ఇంతమంది పనిమంతులుండగా దేశం ఎలా మునిగిందో నాకు అర్థం కావడం లేదు.

ఈరోజు పదిహేనో మనిషి. వాచీలు బాగుచేసే మెకానిక్. ఒకప్పుడు ఈ దుకాణం ఆయనదే. ఇప్పుడు అందులో ఫోన్లు అమ్ముతున్నారు, ఈయన మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని కూర్చుంటాడు, దానికి అద్దె కూడా కడతాడు. కంటికి భూతద్దం పెట్టుకునే నాతో మాట్లాడాడు.

'చదువు రాక మోసపోయానని రాసుకుంటారేమో. నేను చదివే మోసపోయానమ్మా' అన్నాడు.

వాచీ ముళ్ళు పెట్టుకునే డబ్బాలోంచి ఒక మడత కాగితం తీశాడు. గొడుగు కరపత్రం. మడతల దగ్గర చిరిగితే వెనకాల ప్లాస్టర్ అంటించాడు. గొడుగు బొమ్మ కింద లావు అక్షరాల్లో ఒకటే వరుస. 'నికర రాబడి నూటికి పద్నాలుగు.'

'ఇదిగో, నికరం అంటే ఏమిటి? మీరే చెప్పండి. ఖాయం అని. రేపు నికరంగా ఇస్తావా అని అడుగుతారు వాచీ ఇచ్చేవాళ్ళు. ఇస్తానంటే ఇవ్వాల్సిందే. నాకు తెలిసిన నికరం అదీ. ముద్రించి మరీ ఇచ్చారు కదా అని దుకాణం తాకట్టు పెట్టి కట్టాను.'

ఆడిటర్‌కి ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. లెక్కల్లో నికరం అంటే ఖర్చులన్నీ తీసేశాక మిగిలేది, అంతే, ఖాయమని ఎవరన్నారు అన్నాడు.

ఇంతకుముందు మాట్లాడిన డిపాజిటర్ల టేపులు మళ్ళీ విన్నాను. ఎందుకు నమ్మారని నేనడిగిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక చోట 'నికరం అన్నారు కదా' అన్నారు. నేనే పట్టించుకోలేదు. జీవితమంతా ప్రూఫులు దిద్దినదానివి, నువ్వు చెప్పు. ఏది సరైన అర్థం? ఇలాంటి మాటను ఎవరు ఎంచుకుంటారు?

నీ పిడుగు


ఇల్లు,
మార్చి మూడు

పిడుగుకి,

ఈసారి ఆరు తప్పులే. పైకొస్తావు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. రెండర్థాలూ సరైనవే. దాని జబ్బే అది. లెక్కల పుస్తకంలో నికరం అంటే కోతలు పోను మిగిలేది. మనుషుల నోట్లో నికరం అంటే తప్పనిది. లెక్కలు రాసేవాడు చూసినప్పుడు ఒక టోపీ, వాచీలు బాగుచేసేవాడు చూసినప్పుడు ఇంకో టోపీ. భాషలో ఇలాంటి మాటలు బోలెడు. మాటలకు పోలీసు కేసుండదు.

ఎవరు ఎంచుకుంటారంటావా? కరపత్రాలకు తండ్రులుండరు. కంపెనీలో ఒకడు రాస్తాడు, ఇంకొకడు మారుస్తాడు, ప్రెస్సులో అక్షరాలు పేరుస్తారు, నాలాంటివాళ్ళు ఒత్తులు, దీర్ఘాలు చూస్తారు. నా బల్ల మీదకి రోజుకి నలభై ప్రూఫులొచ్చేవి. పెళ్ళి పిలుపులు, మందుల చీటీలు, తప్పిపోయిన కుక్కల ప్రకటనలు. ఏది ఎవరు రాశారో గుర్తుపెట్టుకుంటే నాకు పిచ్చెక్కేది.

అయినా ఒక్క మాటకి దేశం మునుగుతుందా? నీ ప్రొఫెసర్ బాణాలే నయం. వాటినే పెట్టుకో.

నన్ను కెమెరా ముందు కూర్చోబెట్టే ఆలోచనుంటే మానుకో. పాస్‌పోర్టు ఫోటోవాడే మూడుసార్లు తీసి, ఇక మీ ఇష్టమమ్మా అని వదిలేశాడు.

అమ్మమ్మ


ఎడిటింగ్ గది,
ఏప్రిల్ ఇరవై ఒకటి

అమ్మమ్మకి,

గొడుగు కరపత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరుంది. ముందు చూడలేదు. నువ్వు పనిచేసిన ప్రెస్సే. మూడు పేజీల జవాబులో ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదు నువ్వు.

అక్కడ కంపోజిటర్‌గా చేసిన ముసలాయన్ని పట్టుకున్నాను. గుర్తుందా, ఎడమచేత్తో అక్షరాలు పేర్చేవాడట. ఆయన పనిచేసిన ప్రతి పెద్ద ఆర్డరుకీ ఒక ప్రూఫు కాగితం దాచుకున్నాడు, ట్రంకు పెట్టె నిండా. 'మా ఒత్తులమ్మ దిద్దిన కాగితాలమ్మా, పారెయ్యబుద్ధి కాలేదు' అన్నాడు. ఒత్తులమ్మ ఎవరని అడిగాను. ఒక్క ఒత్తు జారినా ఊరుకునేది కాదు, అందుకే ఆ పేరు, అసలు పేరు ఎవరూ పిలిచేవాళ్ళు కాదు అన్నాడు. నేనెవరో ఆయనకు తెలీదు.

గొడుగు కాగితం తీసిచ్చాడు. కంపెనీవాళ్ళు రాసి పంపింది ఇదీ: 'అన్ని ఖర్చులూ పోను రావచ్చునని అంచనా వేసిన రాబడి'. ఏడు మాటలు. ఎర్ర సిరాతో ఆరు మాటలు కొట్టేసి, పైన 'నికర' అని రాసుంది. కొట్టేసిన చోట మార్జిన్‌లో పందిపిల్ల తోకలాంటి చుట్ట.

నువ్వు జనవరిలో దిద్ది పంపిన నా ఉత్తరం బ్యాగులోనే ఉంది. తీసి పక్కన పెట్టాను. పదకొండు తోకలు. అన్నీ అదే తోక.

కెమెరా ఆపేశాను. ఇప్పటికి అంతే రాయగలను.


ఇల్లు,
మే రెండు

పిడుగుకి,

నీ ఉత్తరంలో ఈసారి తప్పుల్లేవు. కోపంలో బాగా రాస్తావు.

అవును, నేనే. విను. గొడుగు బొమ్మ వెడల్పు ఇంత అని ముందే అచ్చు బ్లాకు చేయించారు. ఆ ఏడు మాటలూ దాని కింద ఒక వరుసలో పట్టలేదు. రెండు వరుసలు చేస్తే కింద నవ్వుతున్న కుటుంబం తలలు తెగిపోతున్నాయి. కంపోజిటర్ నా బల్ల ముందు నిలబడి, ఒత్తులమ్మా, ఇది మీరే చూడాలి అన్నాడు. అరనిమిషం ఆలోచించి ఏడింటిని రెండు చేశాను. వరుస గొడుగు అంచుకి అంచు సరిపోయింది. ఆ రోజంతా నాకు ఎంత గర్వంగా ఉందో చెప్తే నవ్వుతావు. మాటలు పొదుపు చెయ్యడం నా విద్య.

లెక్కల పరంగా ఆ మాట తప్పు కాదు. 'రావచ్చునని అంచనా' అన్నది కోతలో పోయింది, అది నిజమే. ఉత్త వాగాడంబరం అనుకున్నాను. కంపెనీలవాళ్ళు ఎప్పుడూ పది మాటలు ఎక్కువే రాస్తారు. అందులో అసలైనవి ఏవో, పైపూత ఏదో నాకెలా తెలుస్తుంది?

ఇక ఇప్పుడు నీ సినిమాలో ఏమని వేస్తావు? ఆర్థిక సంక్షోభానికి కారణం: మా అమ్మమ్మ. అంత గొప్పదాన్నని అప్పుడే తెలిసుంటే జీతం పెంచమనేదాన్ని.

నీకు ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. చదివి ఈ ఉత్తరం చించెయ్.

అమ్మమ్మ


బస్ స్టేషన్, వెయిటింగ్ హాలు,
జూన్ పదకొండు

అమ్మమ్మకి,

చించలేదు. నువ్వు వద్దన్న చోటికి వెళ్ళొచ్చాను.

పెద్దమ్మమ్మ రిటైరైన నర్సుల హోమ్‌లో ఉంటోంది. రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. కళ్ళు దాదాపు పోయాయి, మనిషి ఆకారం తప్ప ఏమీ తెలీదు. నేను నోరు తెరవగానే, 'నీది మా చెల్లెలి గొంతు. ఉప్పు కొంచెం తక్కువ' అంది.

కెమెరా పెట్టుకోవచ్చా అని అడిగాను.

'ఎటుంది అది? దాని వైపు మాట్లాడాలా, నీ వైపా?'

'నా వైపు, పెద్దమ్మమ్మా.'

'అయితే నువ్వు ఏడవకు. ముక్కు చప్పుడు పడుతుంది.'

ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రిలో చేసి, దాచుకున్నదంతా గొడుగులో పెట్టానని చెప్పింది. చిన్న ఇల్లు కొనుక్కుందామనుకుందట, వంటింటి కిటికీ తూర్పుకి ఉండేలా. తర్వాత డెబ్బై రెండేళ్ళ వయసుదాకా ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళని పక్కకి తిప్పే పని చేసింది. 'చివరికి నాకంటే చిన్నవాళ్ళని తిప్పాను' అంది. ఇదంతా మందుల వేళలు చెప్తున్నట్టు చెప్పింది, ఎక్కడా గొంతు పెంచలేదు.

కుట్టుమిషన్ సంగతి అడిగాను.

'కుట్టుమిషనా? మా ఇంట్లో ఎప్పుడూ కుట్టుమిషనే లేదు. మీ అమ్మమ్మకి గుండీ కుట్టడం కూడా రాదు.'

మరి ఎందుకు మాట్లాడుకోవడం లేదని అడిగాను. చాలాసేపు దుప్పటి అంచు సర్దుకుంది.

'డబ్బు పోయినందుకైతే కాదు. అందరిదీ పోయింది, నాదొక్కదానిదే మిగిలితే అదో సిగ్గు. కట్టే రోజు పొద్దున మీ అమ్మమ్మని ఒక మాట అడిగాను. అదేం చెప్పిందో అదే చెప్పాలి. నేను చెప్తే ఫిర్యాదవుతుంది. అది చెప్తే జవాబవుతుంది. నాకు ఫిర్యాదు లేదు. జవాబు కోసం చూస్తున్నాను, అంతే.'

ఇంక ఆ విషయం ఎత్తలేదు. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. నీరసంగా ఉన్నావు, తిండి తిను అంది.

ఏం అడిగింది అమ్మమ్మా?

నీ పిడుగు


ఇల్లు,
జూన్ ఇరవై తొమ్మిది

పిడుగుకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి పారేశాను. ఇది ఐదోది. ఇంక దిద్దను.

కరపత్రం బయటికి వెళ్ళిన మూడు వారాలకి పాల దుకాణంలో ఇద్దరు మాట్లాడుకోవడం విన్నాను. నికరమట, బ్యాంకు కంటే నికరమట అని. నేను రాసిన మాటని వాళ్ళు ఇంకేదో మాటగా చదువుతున్నారని అక్కడే అర్థమయింది. పాలు తీసుకోకుండానే ప్రెస్సుకి వెళ్ళాను.

ఆ రోజే రెండో ముద్రణకి ప్రూఫు వచ్చింది. కంపెనీ ప్రచార మేనేజరు మా యజమాని గదిలో కూర్చునున్నాడు. వెళ్ళి చెప్పాను. 'ఈ మాటని జనం ఖాయం అని చదువుతున్నారండీ. పాత ఏడు మాటలూ పెట్టేద్దాం, బొమ్మ కాస్త తగ్గిస్తే పడతాయి.'

'చదవనివ్వండమ్మా. చాలా మంచి మాట పెట్టారు. మా ఏజెంట్లు మీకు దండం పెడుతున్నారు' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మా యజమాని నవ్వలేదు, నా వైపు చూశాడు. ప్రెస్సులో సగం పని ఆ కంపెనీదే.

నా బల్ల దగ్గరికి వచ్చి, ప్రూఫు మీద 'ముద్రించవచ్చు' అని రాసి సంతకం పెట్టాను. ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి.

మర్నాడు పొద్దున మా అక్క వచ్చింది. అవి తన ఆఖరి డ్యూటీలు, యూనిఫాంలోనే వచ్చింది. చేతిలో కరపత్రం నాలుగు మడతలు పెట్టి ఉంది. నా బల్ల మీద విప్పి, ఆ మాట మీద వేలు పెట్టి అడిగింది.

'చెల్లీ, ఇది ఏ నికరం? ఖర్చులు పోను మిగిలేదా, ఖాయంగా వచ్చేదా?'

దేశం మొత్తం మీద సరిగ్గా అడిగిన మనిషి అదొక్కతే. నీ ప్రొఫెసర్ అడగలేదు, గులాబీల అధికారి అడగలేదు, ఆడిటర్ అడగలేదు. ఒక నర్సు అడిగింది. సీసా మీద చీటీ రెండుసార్లు చదవందే మందు పొయ్యని మనిషి.

మేనేజరు తలుపు దగ్గరే నిలబడి కాగితం నమూనాలు చూస్తున్నాడు. రెండడుగుల దూరం.

'అచ్చులో ఉన్నదే అక్కా' అన్నాను.

అది నా వైపు చూసి నవ్వింది. 'నువ్వు చూసిన అచ్చయితే చాలు' అంది. ఆ మధ్యాహ్నమే కట్టేసింది.

కారణాలు కావాలంటే ఉన్నాయి. మీ తాతయ్య అప్పటికే మంచంలో ఉన్నాడు. మీ అమ్మకి పదేళ్ళు. ఆ జీతం తప్ప ఇంకేమీ లేదు. కారణాలు ఎవరికి లేవు? కారు దిగని నీ వాల్యూయర్ని అడుగు, వాడికీ ఎండ ఉంది. వాడి గురించి నువ్వు రాసినప్పుడు నేను నవ్వాను, పిడుగూ. ఆ నవ్వు గుర్తుకొస్తే ఇప్పుడు అన్నం సయించడం లేదు.

సాయంత్రం వాళ్ళింటికెళ్ళి చెప్పొచ్చనుకున్నాను. వెళ్ళలేదు. వారం ఆగి చెబుదామనుకున్నాను. పదకొండు నెలల తర్వాత కంపెనీకి తాళం పడింది. అప్పుడు అక్క మా ఇంటికొచ్చింది. గడప బయటే నిలబడి, 'నీకు తెలుసా?' అని ఒకటే అడిగింది. నేను తల దించుకున్నాను. వెళ్ళిపోయింది. కుట్టుమిషన్ నేను కల్పించింది. మీ అమ్మ చిన్నపిల్ల, ఏదో ఒకటి చెప్పాలి కదా.

అది అడిగింది చాలా చిన్న ప్రశ్న. జవాబు మూడు మాటల్లో అయిపోయేది.

అమ్మమ్మ


ఎడిటింగ్ గది,
ఆగస్టు పదిహేడు

అమ్మమ్మకి,

ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నిన్ను తిట్టాలని కూర్చుంటాను, ఎడమచేతి పక్కన వాల్యూయర్ టేపుంటుంది. అతని మీద అంత తేలిగ్గా ఎలా కోపం వచ్చిందా అనిపిస్తుంది.

ఛానెల్‌లో మా ప్రోగ్రాం హెడ్‌కి ఇదంతా తెలీదు. ఆ మాట సంగతి మాత్రం చెప్పాను. 'రాసింది ఎవరో దొరికితే సినిమా అదిరిపోతుంది, ముఖం చూపించాలి' అన్నాడు. దొరకలేదని అబద్ధం చెప్పాను. మన ఇంటి విద్య నాకూ పట్టుబడింది.

కారణం నువ్వు కాదు. బాణాలన్నీ వేశాను. అప్పులు, స్థలాల విలువలు, నిద్రపోయిన నిఘా, అన్నీ ఉన్నాయి. ఆ మాట లేకపోయినా కంపెనీ కూలేదే. కానీ మెకానిక్ దుకాణం పోయేదో లేదో నాకు తెలీదు. పెద్దమ్మమ్మ కట్టేది కాదు. అది నికరంగా తెలుసు.

చివర్లో ముప్పై సెకన్లు, చప్పుడు లేకుండా, నల్ల తెర మీద కొన్ని వాక్యాలు వేస్తున్నాను. అలవాటు ప్రకారం నీకే పంపుతున్నాను. ఇష్టం లేకపోతే మొత్తం తీసేస్తాను, నువ్వు చెప్పినట్టే చేస్తాను.

'ఆ మాటను ఎంచుకున్నది ముద్రణాలయంలో ఒక ఉద్యోగిని. జనం దాన్ని మరోలా చదువుతున్నారని ఆమెకు తరువాత తెలిసింది. ఒకరు ఆమెను సూటిగా అడిగారు. జవాబు రాలేదు.'

ప్రసారం వచ్చే నెల మూడో ఆదివారం, సాయంత్రం నాలుగింటికి. ఆ రోజు నేను స్టూడియోలో చర్చకి కూర్చోవాలి. హోమ్ హాల్లో టీవీ పెడతారట. పెద్దమ్మమ్మ వింటానంది.

నీ పిడుగు


ఇల్లు,
ఆగస్టు ఇరవై ఆరు

పిడుగుకి,

దిద్ది పంపుతున్నాను. సందేహాలుంటే కింద చూసుకో.

'ఒక ఉద్యోగిని' తీసెయ్. 'మా అమ్మమ్మ' అని పెట్టు.

'తరువాత తెలిసింది' తప్పు. దేని తరువాత? 'రెండో ముద్రణకు ముందే తెలుసు' అని రాయి.

'ఒకరు' కాదు. 'ఆమె సొంత అక్క'.

'జవాబు రాలేదు' అంటే జవాబు బయల్దేరి దారిలో ఎక్కడో చిక్కుకున్నట్టుంది. బయల్దేరనేలేదు. 'ఆమె జవాబు చెప్పలేదు' అని రాయి. క్రియకి కర్త ఉండాలి. చిన్నప్పుడే నేర్పాను నీకు.

చివర ఇంకొక వాక్యం కలుపు. 'అది ఖర్చులు పోను మిగిలేదని, అదీ ఉత్త అంచనాయేనని చెప్పలేదు.'

మాటలు పెరిగాయి, తెర మీద పట్టవంటావు. అక్షరాలు చిన్నవి చెయ్. ఇంకోసారి పట్టడం కోసం నేను మాటలు కొయ్యను.

మీ ప్రోగ్రాం హెడ్‌కి ముఖం కావాలంటే నా పాస్‌పోర్టు ఫోటో ఇవ్వు. దాన్ని చూశాక ఇంకెవర్నీ ముఖం అడగడు.

అమ్మమ్మ


ఇల్లు,
సెప్టెంబరు, ప్రసారం అయిన మర్నాడు

పిడుగుకి,

అక్క నన్ను మళ్ళీ రమ్మందా అని ముందుగా అడుగుతావు. అనలేదు. వద్దనీ అనలేదు. ఇక మిగతాది విను.

రెండు బస్సులు మారి హోమ్‌కి వెళ్ళాను. హాల్లో తొమ్మిది మంది రిటైరైన నర్సులు, తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు. మా అక్క చివర కూర్చునుంది, మొహం కాదు, చెవి టీవీ వైపు పెట్టుకుని. ఎంత చిన్నదైపోయిందో. నాకు గుర్తున్న మనిషి భుజాలు తలుపు నిండా ఉండేవి. పదో కుర్చీ లాక్కుని పక్కన వేసుకున్నాను.

'ఎవరు?' అంది.

'నేనే.'

'కుర్చీ జరపకు. మొదలవుతోంది' అంది.

సినిమా బాగుంది. ప్రొఫెసర్ మరీ ఎక్కువసేపున్నాడు. వాచీ మెకానిక్ భూతద్దం తీసి కళ్ళు తుడుచుకున్న చోట కోసెయ్యకుండా ఉంచావు, మంచి పని చేశావు. మా అక్క తన గొంతు తను వింటూ ఒకసారి, 'ఇంత ముసలి గొంతా' అని గొణిగింది. జవాబు కోసం చూస్తున్నాను అన్న మాట వచ్చినప్పుడు, నేను నా చేతిసంచీ కొక్కెం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత నీ నల్ల తెర. చప్పుడు ఆగిపోయింది.

'ఎందుకాగింది? అయిపోయిందా?' అంది అక్క.

అవతల కూర్చున్నావిడ, 'ఏవో అక్షరాలు వేశారు. చిన్నవి, నాకు ఆనడం లేదు' అంది. అక్షరాలు చిన్నవి చెయ్యమన్నది నేనే.

అక్క మొహం నా వైపు తిప్పింది. 'నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా. చదువు.'

పిడుగూ, నా జీవితంలో ఎన్ని ప్రూఫులు బయటికి చదివానో. కంపోజిటర్ ఎదురుగా ఉంటే గడగడా చదివేదాన్ని, కామాలతో సహా. నిన్న ఐదు వాక్యాల్ని ఒక్కో మాటా ఆగి ఆగి చదివాను. సగం అయ్యేసరికి నువ్విచ్చిన ముప్పై సెకన్లూ అయిపోయాయి, తెర మీద ఎవరో సబ్బు అమ్ముతున్నారు. మిగతాది చూడకుండానే చెప్పాను. మా అమ్మమ్మ అన్న చోట 'నేను' అన్నాను. ఆమె సొంత అక్క అన్న చోట 'నువ్వు' అన్నాను. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది మందీ టీవీ వదిలేసి నా వైపే చూస్తున్నారు. వాళ్ళలో ఎంతమంది కట్టారో నేను అడగలేదు.

అది ఖర్చులు పోను మిగిలేది, అక్కా. అదీ ఉత్త అంచనాయే. అని చెప్పాను.

అక్క చెయ్యి చాపలేదు. నాడి చూడలేదు. మామూలు గొంతుతో అడిగింది.

'ఇదీ నువ్వే దిద్దావా?'

'నేనే.'

'తప్పులేమైనా ఉన్నాయా?'

'లేవక్కా' అన్నాను. ఈసారి వెంటనే చెప్పాను.

అమ్మమ్మ